ఒడిలో పడిన చెంబెడు నీళ్లు

దయ్యాల కథలు మా షాపుకొచ్చే ఆడవాళ్లు చాలానే చెబుతుంటారు. కత్తెర ఆడిస్తూ ఊఁ కొడతాను, అంతే. ఒక్కటీ నమ్మింది లేదు. చచ్చినవాళ్ల కంటే బతికున్న గిరాకీలే నన్ను ఎక్కువ భయపెట్టారని నవ్వేదాన్ని. ఇప్పుడు నమ్ముతున్నానా అంటే అదీ చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. రాయడానికి భయంగా లేదు గానీ సిగ్గుగా ఉంది. ఎందుకంటే ముందు నా ఒంటి సంగతి చెప్పాలి.

చిక్కడపల్లిలో మాకు చిన్న మ్యాచింగ్ సెంటర్ ఉంది. లైనింగులు, ఫాల్స్, జాకెట్టు గుడ్డలు అమ్ముతాం. ఇల్లు అశోక్‌నగర్‌లో, షాపుకు నడిచి వెళ్లేంత దగ్గర. యాభై దాటాక ఆ కాస్త దూరమే నాకు గండమైంది. మొదట్లో దగ్గితేనో, గట్టిగా నవ్వితేనో రెండు చుక్కలు పడేవి. తర్వాత ఇంటి గుమ్మం ముందు తాళంచెవి చేతిలోకి తీసుకుంటే చాలు, తలుపు తీసేలోపే ఆగేది కాదు. చిన్నపిల్లలా గుమ్మంలోనే చీర తడుపుకుని, గబగబా నేల తుడిచి, ఏమీ ఎరగనట్టు టీ పెట్టేదాన్ని.

ఏ గుడ్డ మీద తడి కనిపిస్తుందో నాకు తెలిసినంత బాగా ఈ బజారులో ఎవరికీ తెలియదు. బూడిద రంగు, లేత గులాబీ, నిమ్మపండు రంగు మనల్ని పట్టిస్తాయి. నల్ల ప్రింట్లు, ముదురు మెరూన్ కాపాడతాయి. నా బీరువాలో చీరలన్నీ మెల్లగా ముదురు రంగులైపోయాయి. ఏ ఫంక్షన్‌కి వెళ్లినా ముందు బాత్రూం ఎక్కడో చూసుకుని, దాని పక్క కుర్చీలో కూర్చునేదాన్ని. రానురాను ఫంక్షన్లే మానేశాను. నీళ్లు తాగడం కూడా మానేశాను. తాగకపోతే ఏం కారుతుందని నా తెలివి.

మా ఆయన ఒకసారి అడిగారు. "ఏంది సుజాత, గిన్నిసార్లు బాత్రూంకు పోతున్నవ్? షుగర్ ఏమన్న వచ్చిందా, జర చూపించుకోరాదు?"

"నా సంగతి నాకు తెలుసు" అని ఇంతెత్తున లేచాను. పాపం, ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అలాంటి రోజుల్లో గాంధీనగర్‌లో ఉండే మా అన్న నాకు ఒడిబియ్యం పోస్తానన్నాడు. మాలో ఆడబిడ్డకు అంతకంటే గౌరవం లేదు. పుట్టింటివాళ్లు కొత్త చీర కట్టించి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడి నిండా పోస్తారు. ఆ బియ్యం ఇంటికి తెచ్చి వండి, ఇరుగుపొరుగును పిలిచి భోజనం పెట్టాలి. అమ్మ పోయాక ఇదే మొదటిసారి. రానని ఎలా చెప్పను?

వదిన ముద్దుగా కొన్న చీర తీసి చూపించింది. నిమ్మపండు రంగు పట్టు. "నీ రంగుకు మస్తుగుంటది" అంది. ఒడిబియ్యం ముందురోజు నుంచే నేను గొంతు తడుపుకోవడం మానేశాను. మందపాటి ప్యాడ్ పెట్టుకుని, దేవుడి మీద భారం వేసి పీట మీద కూర్చున్నాను. పక్క పీట మీద మా ఆయన. చుట్టూ చుట్టాలు, అపార్ట్‌మెంట్‌లోని ఆడవాళ్లు.

ఎవరో సాంబ్రాణి పొగ నా ముఖం ముందుకు తెచ్చారు. దగ్గు వచ్చింది. మొదటిది మింగాను. రెండోది ఆగలేదు, దానితోపాటు ఇంకేదీ ఆగలేదు. ప్యాడ్ దాటి చీరలోకి వెచ్చగా పాకడం తెలుస్తూనే ఉంది.

వదిన అప్పటికే బియ్యం చేతుల్లోకి తీసుకుంది. అవి నా ఒడిలో పడతాయి, తడుస్తాయి, నేను వాటిని వండి పదిమందికి వడ్డిస్తాను. లేచి నిలబడితే వెనకంతా కనిపిస్తుంది. ఆగు వదినా అంటే, ఎందుకని అడుగుతుంది. భూమి చీలితే బాగుండును అంటారే, ఆ మాట ఎవరు పుట్టించారో గానీ వాళ్లకూ ఇదే జరిగి ఉంటుంది.

అప్పుడే నా కుడిపక్క నుంచి ఒక ముసలామె వచ్చింది. పొట్టి మనిషి, ఆకుపచ్చ నేతచీర, కాళ్లకు వెండి కడియాలు. చేతిలో రాగిచెంబు. కాలు తట్టుకున్నట్టు నా మీదికి వంగింది. చెంబెడు నీళ్లు నా ఒళ్లో పడ్డాయి. చల్లటి నీళ్లు. నడుము నుంచి పాదాల దాకా ఏకంగా తడిసిపోయాను.

"ఏం కాదు బిడ్డా, నీళ్లే గదా" అంది, నా చెవి దగ్గర, మెల్లగా. కావాలనే పోసిందని ఆ గొంతులోనే తెలిసిపోయింది.

"కండ్లు కనబడ్తలెవ్వా పెద్దమ్మా? కొత్త చీరంత ఖరాబ్ జేస్తివి!" వదిన అరిచింది. అందరూ తలోమాట అన్నారు. నన్ను బాత్రూంలోకి పంపి, వదిన తన ముదురు మెరూన్ చీర ఇచ్చింది. ఒంటి మీద నీళ్లు పోసుకుని, ప్యాడ్ మార్చుకుని, ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి కూర్చున్నాను. ఒడి నిండా బియ్యం పోశారు. లేచి నిలబడ్డాను. ఎవరికీ ఏమీ తెలియలేదు.

భోజనాల దగ్గర ఆమె కోసం వెతికాను. లేదు. ఎవరామె అని వదినను అడిగితే, "మీ అత్తగారి దిక్కోళ్లనుకున్న గదా నేను" అంది. నేనేమో అపార్ట్‌మెంట్ మనిషి అనుకున్నాను. అక్కడివాళ్లు మా చుట్టమనుకున్నారు. వచ్చినవాళ్లలో సగం మంది ఆమెను చూశారు, తిట్టారు కూడా. ఎవరి మనిషో మాత్రం ఎవరికీ తెలియదు. ఇంట్లో అసలు రాగిచెంబే లేదని, అన్నీ స్టీలువేనని వదిన అంది. మా మేనకోడలు తీసిన వీడియోలో నీళ్లు పడిన చప్పుడు ఉంది గానీ, ఆ క్షణంలో ఎవరిదో వీపు అడ్డం వచ్చింది.

పేరంటానికి పిలవకుండా వచ్చిన ఏ పక్కవీధి ముసలామో అయి ఉంటుందని సర్దుకున్నాను. కానీ అంతమందిలో ఆమెకొక్కదానికే నా సంగతి తెలిసిందన్న సిగ్గు పోలేదు. ఆ సిగ్గే నన్ను డాక్టరు దగ్గరికి తోసింది.

కోఠిలో సరుకు తేవాలని ఇంట్లో అబద్ధం చెప్పి, ఒక్కదాన్నే నారాయణగూడలో ఒక యూరాలజీ క్లినిక్‌కి వెళ్లాను. ఆడ డాక్టరే. నేను నీళ్లు మానేశానని గొప్పగా చెబితే తల పట్టుకుంది.

"అదే తప్పు చేశారమ్మా. నీళ్లు తాగకుంటే మూత్రం చిక్కబడి, సంచిని ఇంకా రెచ్చగొడ్తది. ఇన్‌ఫెక్షన్ కూడా వస్తది. దగ్గితే పడేది ఒక రకం, ఆగకుండ వచ్చేది ఒక రకం. మీకు రెండూ ఉన్నట్టున్నయ్. టెస్ట్ చేసి చూద్దాం. కసరత్తు ఉంది, మందులున్నయ్, వాటితో కాకుంటే చిన్న ఆపరేషన్ ఉంది. భరించుకుంట కూసునే కాలం కాదిది."

ఆ పరీక్ష ఇలా ఉంటుంది. సన్నటి గొట్టం పెట్టి మూత్రసంచిలోకి మెల్లగా నీళ్లు నింపుతారు. లోపలి ఒత్తిడి స్క్రీన్ మీద గీతలుగా కనిపిస్తుంది. నొప్పేమీ లేదు. కానీ నిండాక దగ్గమంటారు. ఇన్నేళ్లు నేను ప్రాణంలా దాచుకున్న పనిని, ఆ లైటు వెలుతురులో, ఇంకో మనిషి ముందు చేసి చూపించమంటున్నారు. దగ్గాను. జరగాల్సింది జరిగింది. చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

టెస్ట్ చేసే అమ్మాయి నన్ను తుడిచి, దుప్పటి కప్పింది. "ఏడువకండమ్మా. మీ వెంబడి వచ్చిన పెద్దమ్మ ముందే చెప్పింది, మీరు ఏడుస్తరని. ఏం కాదు, నీళ్లే గదా అని చెప్పుమన్నది."

నాకు ఏడుపు ఆగిపోయింది. "ఎవరు చెప్పింది?"

"బయట కూసున్నది గదా, కడియాలేసుకున్నామె. మీ అమ్మ గాదా?"

చీర సర్దుకుని బయటికి వచ్చాను. తలుపు పక్క కుర్చీ ఖాళీ. దాని కింద నేల తడిగా ఉంది. ఊడ్చే ఆమె తుడుస్తోంది. ఇలాంటి క్లినిక్‌లో నేల తడిగా ఉంటే ఎవరైనా ఏమనుకుంటారు? నేనూ అదే అనుకుని ముఖం తిప్పుకున్నాను. ఆమే అంది: "అది గాదు అక్కా, వాసన లేదు. మంచినీళ్లే."

స్కానింగ్ కోసం అందరూ సీసాలకు సీసాలు నీళ్లు తాగే చోటు, ఎవరో ఒలకబోసి ఉండొచ్చు. ఆ అమ్మాయి ఇంకెవరి తల్లినో నా తల్లి అనుకుని ఉండొచ్చు. కానీ ఆ మాట? ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా.

నాకు నయమైంది, చాలావరకు. ఫిజియోథెరపీ ఆమె నేర్పిన కింది కండరాల కసరత్తు షాపులో గిరాకీతో బేరమాడుతూనే చేస్తాను, ఎవరికీ తెలియదు. మాత్రలు వేసుకుంటున్నాను, నీళ్లు తాగుతున్నాను. ఒకనాడు ధైర్యం చేసి మా ఆయనకు అంతా చెప్పాను, ముసలామె సంగతి తప్ప. ఆయన గోడకేసి చూస్తూ, "నాక్కూడ ధార సక్కగ వస్తలేదే, ఎట్ల చెప్పాల్నో తెల్వక ఊకున్న" అన్నారు. దొందూ దొందే. మర్నాడు ఇద్దరం కలిసే నారాయణగూడ వెళ్లాం.

మొన్నామధ్య షాపు గిరాకీ లక్ష్మి విద్యానగర్‌లో వాళ్లమ్మాయికి మొదటిసారి పట్టుచీర కట్టే ఫంక్షన్ చేస్తే, ఒక్కదాన్నే వెళ్లాను. బాత్రూం పక్క కుర్చీలో ఒక చిన్న వయసు తల్లి కూర్చుని ఉంది. ఒళ్లో పసిబిడ్డ, ఒంటి మీద బూడిద రంగు చీర. ఫొటోకి రమ్మని అత్తగారు పిలుస్తుంటే లేవడం లేదు. బిడ్డను గట్టిగా ఒడికి అదుముకుని నవ్వుతోంది. ఆ నవ్వు నాకు తెలుసు. బిడ్డను నేనే తీసి వాళ్లత్తకు అందించి, చేతిలోని నీళ్ల గ్లాసు ఆ పిల్ల ఒళ్లో వంచేశాను.

"ఏం కాదు బిడ్డా, నీళ్లే గదా."

నేను ఎవరినీ బిడ్డా అని పిలిచే మనిషిని కాను. అదెలా వచ్చిందో వచ్చింది. వాళ్లత్త నన్ను దులిపేసింది. ఆ తిట్లు తింటుంటే నాకు ఎన్నడూ లేనంత హాయిగా అనిపించింది. ఆ పిల్ల నా వెంటపడి దండం పెడుతుందేమోనని భోజనం కూడా చేయకుండా వచ్చేశాను. ఆటోలో కూర్చున్నాక, గాంధీనగర్ ముసలామె కూడా నాలాంటిదే అయి ఉంటుందని, ఒకప్పుడు తడిసినదే అయి ఉంటుందని అనుకున్నాను. మనసు కుదుటపడింది.

సాయంత్రం లక్ష్మి ఫోన్ చేసింది. "అక్కా, నువ్వు నీళ్లు పోసిన పిల్ల నీ గురించి అడుగుతుంది. నీకు థాంక్స్ చెప్పుమన్నది. నీ ఎనక నిలవడ్డ ముసలామెకు కూడ చెప్పుమన్నది. ఎవరక్కా, మీ అమ్మనా?"

నేను ఒక్కదాన్నే వచ్చానని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ మాట నిజమో అబద్ధమో నాకు ఇప్పటికీ తెలియదు.