నిన్ను అక్క అనబుద్ధయితలేదు

మానుకోట దాటి గంగారం అడవుల్లో ఇద్దరు ఆడవాళ్ళ ప్రేమ మీద చిన్న సినిమా తీస్తున్నారని, ఇక్కడి యాస నేర్పే మనిషి కావాలని కబురొస్తే, బడికి సెలవు పెట్టి మరీ వెళ్ళాను. మా యాసను సినిమాల్లో వెక్కిరించడమే చూశాను గానీ, ప్రేమ మాటలకు పనికొస్తుందని అడిగినవాళ్ళు లేరు. ఆ సంబరమే నా కొంప ముంచింది.

నటి కోస్తా పిల్ల. "నేను నిన్ను ప్రేమిస్తున్నాను" అనాలి. మా దగ్గర ఎవరూ అలా అనరని పుల్లవిరిచినట్టు చెప్పాను. మరేమంటారని డైరెక్టరమ్మ అడిగింది. నా నోరు ఊరుకుంటే కదా.

"నిన్ను అక్క అనబుద్ధయితలేదు."

ఆమె ఎగిరి గంతేసి రాసుకుంది. నిజానికి ఆ మాట నాది కాదు. భూపాలపల్లిలో నాతో కలిసి అద్దె గదిలో ఉన్న పిల్లది. నాకంటే నాలుగేళ్ళు చిన్నదైనా పేరు పెట్టే పిలిచేది. చూడవచ్చిన వాళ్ళమ్మ, అక్క అనడానికేం రోగమని కోప్పడితే, నా కళ్ళలోకి చూస్తూ ఆ మాట అంది. వాళ్ళమ్మకు పొగరనిపించింది. నాకు మాత్రం అర్థమైంది. రెండేళ్ళు కలిసి బతికాం. తర్వాత ఆమెకు టేకుమట్ల సంబంధం కుదిరింది. ఏ వరసతో కాదనగలను?

సినిమా ఫోన్లలోకి వచ్చిన వారానికి, బచ్చన్నపేటలో నేను బట్టలు ఆరేస్తుంటే ఆ పిల్ల ఫోన్ చేసింది. ఆరేళ్ళ తర్వాత.

"మా అమ్మ సినిమ చూసుకుంట నా మొకం దిక్కు చూసింది. ఏమనలేదు. చూసింది, గంతే."

భర్తకు ఇంకా తెలియదట. తల్లి నోరు జారితే పిల్లలను కూడా దక్కనివ్వరని ఆమె భయం. ఆ మాట తీసేయించమంది. డైరెక్టరమ్మను బతిమాలాను. కారణమేంటని అడిగింది. చెప్పలేకపోయాను. సినిమాకు ప్రాణమే ఆ మాట అంటూ ఆమె నాకే నచ్చజెప్పింది. నా చేతుల్లో ఏమీ లేదని ఆ పిల్లకు ఫోన్ చేసి చెప్పాను. నా మీద నాకే అసహ్యమేసింది.

"ఎవలన్న అడిగితె నువ్వే కల్పిచ్చినవని చెప్పు," అంది చివరికి.

మొన్న జనగామలో సినిమా వేసి నన్ను వేదిక మీదికి పిలిచారు. అంత మంచి మాట ఎక్కడ దొరికిందని ముందు వరుసలో ఒకామె అడిగింది. నేనే కల్పించానన్నాను. హాలంతా చప్పట్లు. ఆ పిల్ల నన్ను ప్రేమించిందని సాక్ష్యం చెప్పగలిగేది ఈ లోకంలో నేనొక్కదాన్నే. దండం పెట్టి దిగిపోయాను.