వరి దుబ్బును పరీక్షకు తీసుకుని బాపట్ల వెళ్ళొచ్చాం

చెరుకుపల్లి దగ్గర మేము కౌలుకు తీసుకుని వేసిన తొలి పంట అది. గాలివాన వెలిసిన కొద్ది రోజులకే సాంబ మసూరి ఆకుల అంచులు కొసల నుంచి కిందికి పసుపెక్కి ఎండడం మొదలైంది. చూసినవాళ్ళంతా అగ్గి తెగులన్నారు. మా ఆయన మందు, యూరియా తేవడానికి పొద్దున్నే తెనాలి వెళ్ళారు. సాయంత్రం యూరియా చల్లితే పైరు తేరుకుంటుందని ఆయన ఆశ. నాకెందుకో మనసొప్పలేదు. అయిదో తరగతి దాకా చదివినదాన్ని, ఆయనకు ఎదురు చెప్పలేను. కానీ బాపట్లలోని వ్యవసాయ కళాశాలలో మొక్కను చూసి జబ్బు చెబుతారని రేడియోలో విన్నాను. ఆ మాట అత్తయ్యతో అంటే, “అయితే పద, వాడు చల్లేలోపు వచ్చేద్దాం,” అని ఆవిడ అప్పటికప్పుడు చీర మార్చుకున్నారు.

చేలో ఒక దుబ్బు పీకి, దాని ఆకుతోనే కట్టగా ముడేసుకుని, ఎనిమిది దాటాక రేపల్లె నుంచి వచ్చే బాపట్ల బస్సు ఎక్కాం. ఇద్దరికీ కలిపి ముప్పై రూపాయల లోపే, గంటకు పైగా ప్రయాణం. కిటికీ పక్క సీటు దొరికేసరికి నాకు పండగలా అనిపించింది. దారి పొడవునా ఎవరి చేలో పసుపు ఉందా అని చూస్తూ కూర్చున్నాను. బాపట్లలో దిగి మంచినీళ్ళ సీసా కొనుక్కుని ఆటో ఎక్కితే, డ్రైవరు అత్తయ్య చేతిలోని కట్ట చూసి, “ఏంటి పిన్నిగారూ, గోంగూరా? కట్టెంత?” అన్నాడు. “గోంగూర కాదు నాయనా, పేషెంటు. గుంతల్లో మెల్లగా పోనీ,” అన్నారు అత్తయ్య.

కళాశాలలో ఒక మేడమ్ కట్టను అటూ ఇటూ తిప్పి చూసి, “మొక్క నిగనిగలాడుతోంది. జబ్బేదమ్మా?” అన్నారు.

“ఎండాకులన్నీ బస్సులోనే ఏరి పారేశానండి. మీలాంటి పెద్దవాళ్ళ దగ్గరికి అసయ్యంగా ఎలా తెస్తాం?” అన్నారు అత్తయ్య.

మేడమ్‌కి నవ్వాగలేదు. “జ్వరాన్ని బస్సులోనే దింపేసి పిల్లాణ్ణి మాత్రం తెచ్చారన్నమాట!”

నాకు ఏడుపొచ్చినంత పనైంది. మళ్ళీ వెళ్ళి తెచ్చే వ్యవధి లేదు. అంతలో దుబ్బుకు చుట్టి ముడేసిన ఆకు కనబడింది. సగం పచ్చన, సగం పసుపు. “మేడమ్, ఈ కట్టిన ఆకు చూడండి,” అన్నాను. నా గొంతు నాకే సరిగా వినబడలేదు. ఆవిడ పసుపూ పచ్చా కలిసే చోట ఆకును కత్తిరించి, గాజు గ్లాసులోని తేట నీళ్ళలో ఆ కొసను ముంచారు. కాసేపటికి అందులోంచి పలచని పాలలాంటి తెల్లటి చార దారంలా కిందికి జారింది.

“అగ్గి తెగులైతే ఇలా కారదు. ఇది బాక్టీరియా ఎండాకు తెగులు. చేలో నీళ్ళు తీసేయండి. ఇప్పుడు యూరియా గానీ వేశారో, తెగులు చేనంతా పాకుతుంది.”

అన్నం మాట మరిచి బస్సెక్కాం. చేను చేరేసరికి మా ఆయన యూరియా బేసినులో చెయ్యి పెట్టి గట్టు దిగుతున్నారు. “ఆగండి! చల్లొద్దు!” అని అరిచాను. చుట్టుపక్కల చేలవాళ్ళంతా తిరిగి చూశారు. “అమ్మో, దీనికి ఇంత గొంతుందా!” అన్నారు అత్తయ్య.

బాపట్లలో జరిగింది చెబితే, “గ్లాసులో నీళ్ళు చూసి జబ్బు చెప్పారా? సోది చెప్పించుకొచ్చారేంటి?” అన్నారాయన. నేను చేలోంచి ఒక ఆకు కోసి మంచినీళ్ళ సీసాలో ముంచి, ఎండకెదురుగా పట్టుకున్నాను. తెల్లటి చార దిగింది. ఆయన సీసా అందుకుని చూశారు. తర్వాత యూరియాను తిరిగి బస్తాలో పోసేసి, పార తీసుకుని నీళ్ళు పోవడానికి గట్టు తెగ్గొట్టారు.

ఆ ఏడు తెగులు తగిలిన మూల పోయింది, మిగతా చేను గింజ పట్టింది. దూరమేమీ పోలేదు, ఒక పూట బస్సు ప్రయాణం. అయినా ఆ రోజు నుంచి మందు కొనే ముందు ఆయన, “నువ్వు చూశావా?” అని అడుగుతున్నారు. అలా అడిగినప్పుడల్లా నాకు చెప్పలేనంత సంతోషం. మీరూ వెళ్ళేటట్లయితే దుబ్బును ఆ పొద్దున్నే పీకి, తడి గుడ్డ చుట్టి మొదటి బస్సుకే బయలుదేరండి. మధ్యాహ్నానికి ఆకు వాడిపోతే ఏ తెగులో చెప్పడం వాళ్ళకీ కష్టమే.