ఆఖరి ముడి

మా పక్క క్వార్టర్ అక్క ఇంట్లనే నల్లపూసల దండలు గుచ్చేది. దారానికి మైనం రాసి, ఒక కొన కాలి బొటనవేలికి కట్టుకొని, ఒక్కొక్క పూస ఎక్కించేది. ఆఖరి ముడి మాత్రం, దండ ఎవరిదో వాళ్ల మొగడు డ్యూటీ దిగి బొగ్గుబాయిలకెల్లి పైకొచ్చిండని ఇన్నంకనే ఏసేది. జల్ది చెయ్యమంటే, "మనిషి బాయిల ఉంటే ముడెట్లేస్తరే?" అని కోప్పడేది.

నా దండ సగంల ఉన్నప్పుడు, పొద్దటి షిఫ్టుకు పోయిన ఆమె మొగని మీద బాయి కప్పు కూలింది. పైకి శవమే వచ్చింది.

నెల దాటినంక దండ కోసం పోయిన. "మొగడు పోయినామెతోని ముడేయించుకోకు," అని మా అత్త ముందే చెప్పి పంపింది.

అక్క మెడ బోసిగున్నది. నా పూసలన్నీ గుచ్చిపెట్టింది. ఎప్పటి లెక్కనే అడిగింది.

"మీ ఆయన పైకొచ్చిండా?"

"వచ్చిండక్కా. ఇంట్లనే ఉన్నడు."

ఆమె చేతులు దారం కొనల దాకా పోయి ఆగినయి. నా మొఖం చూసింది.

"అయితే నువ్వే ఏసుకో చెల్లె."

"నువ్వే ఎయ్యక్కా" అని నేననాల్సింది. దండ కోసం చెయ్యి చాపిన.