ఆయుధపూజ నాడు అట్లకాడ

పెన్నేటి ఇసుక పిడికిట్లో పట్టుకుని ప్రమాణం చేసి చెప్తున్నాను. ఇందులో ఒక్క అక్షరం కూడా కల్పన లేదు. నన్ను ఎరిగినవాళ్ళు ఇప్పటికే నవ్వడం మొదలుపెట్టి ఉంటారు. నవ్వనీండి. ఒక మోటారు సైకిలును, ఒక కాపురాన్ని, ఒక అట్లకాడను ఒకే పూటలో ప్రమాదంలోకి నెట్టిన మొనగాడు ప్రొద్దుటూరులో నేను తప్ప ఇంకొకడు పుట్టలేదు.

మన రాజధాని కర్నూల్లో డేరాల కింద కాపురముంటున్న రోజులవి. నేను ఎలిమెంటరీ బడి అయివారిని. ఇరవై రెండేళ్ళు. నాకొక మోటారు సైకిలు ఉండేది. ఉండేది అంటే, మా వాకిట్లో గోడకు ఆనుకొని నిలబడి ఉండేది. పెద్ద యుద్ధంలో పనిచేసిన బండి. మిలిటరీవాళ్ళు వేలం వేస్తే చేతులు మారి మారి నా దాకా వచ్చింది. యుద్ధంలో ఏ పక్షాన పోరాడిందో గానీ, నాతో మాత్రం సంధికి ఒప్పుకోలేదు. ఫర్లాంగు దూరం నాతో తోయించుకుని పది గజాలు తనంతట తాను పోయేది. మళ్ళీ ఫర్లాంగు తోయించుకునేది.

ఈ సంగతి జయమ్మకు తెలీదు. జయమ్మ నా పెండ్లాం, జమ్మలమడుగు పిల్ల. పెండ్లయిన కొత్తలో ఆమెతో, "నా బండెక్కినామంటే, ఈడ కాఫీ చల్లారేలోపల పులివెందల్లో దిగుతాం" అని కోసినాను. ఆమె కళ్ళు ఇంతింత చేసుకుని చూసింది. ఆ కళ్ళకోసం ఢిల్లీ అని కూడా అనేవాణ్ణే, దారి తెలీక పులివెందులతో ఆపినాను.

ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు పుట్టింటికి పోవాల గదా, పోయింది. ఆషాఢం అయింది, శ్రావణం అయింది, భాద్రపదమూ అయింది. ఒకసారి ఆమె అమ్మకు జ్వరం, ఒకసారి మంచిరోజు లేదు. నేను బడిలో మూడో ఎక్కం మొదలుపెట్టి ఏడో ఎక్కంలో తేలేవాణ్ణి. ఆమె మర్చిపోయిన దువ్వెనతోనే తల దువ్వుకునేవాణ్ణి. దాని పండ్లలో ఒక పొడుగాటి వెంట్రుక చిక్కుకొని ఉండేది. అది ఊడిపోకుండా దువ్వుకోవడం ఎంత కష్టమో, ఉంగరాల జుట్టున్నవాళ్ళకు చెప్పనక్కరలేదు.

దసరా ముందర కార్డు వచ్చింది. "అక్క కాన్పుకు నన్ను పులివెందలకు తోడు పంపిస్తామంటాండారు. పండగ మర్నాడే ప్రయాణం. పోతే మూడు నెల్లు. నవమి మధ్యాన్నానికి నువ్వు మోటారు సైకిలు మీద వస్తే నీ వెంబడి వచ్చేస్తా. బస్సయితే వద్దు. బస్సెక్కితే నాకు కడుపులో తిప్పుతాది."

బస్సులో పోయి బతిమాలి పిల్చుకొని రావచ్చు గదా అని మీరంటారు. మీకు వయసొచ్చింది కాబట్టి అంటారు. నాకప్పుడు పరువుండేది.

బజారు చివర మస్తాన్ మామకు మోటారు షెడ్డు ఉండేది. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే చుట్టరికం. పోయి అడిగినాను.

"బండిని ఈడికి తోలకరా అల్లుడా, చూస్తా."

"నేనే చేసుకుంటా మామా. పానాలియ్యి, చాలు."

"బలపం పట్టే చేతికి పానా ఎందుకప్పా?"

"బండిలో ఏముంటాది మామా? విప్పేది, తుడిచేది, బిగించేది."

"కాపురమూ అంతే," అన్నాడు మామ, సంచి నా చేతిలో పెడతా.

విప్పడానికి రెండు దినాలు పట్టింది. బండి ఇంగ్లీషు అంగుళాలది. మామ సంచిలో పానాలు మాత్రం అన్ని దేశాలవీ ఉన్నాయి. ఒకటి బోల్టుకు వదులు, ఇంకొకటి పట్టనే పట్టదు. ఆ రెంటికీ మధ్య సైజును దేవుడు మర్చిపోయినట్టుంది. వదులు పానాకు రేకుముక్క అడ్డం పెట్టి తిప్పితే బోల్టు కదలదు, నా మణికట్టు తిరుగుతుంది. స్క్రూడ్రైవరు జారిన ప్రతిసారీ నా అరచేతిలో కొత్త రేఖ పడింది. సుత్తి ఒక్కటే గురి తప్పలేదు, ఎన్నిసార్లు కొట్టినా నేరుగా బొటనవేలికే తగిలింది. అమ్మ దోసెపిండి గిన్నెలో సీమనూనె పోసి సామాన్లన్నీ నానబెట్టినాను. అమ్మ చూసి, "ఈటిని తాళింపు కూడా ఎయ్యమంటావా నాయనా?" అంది.

నవమి పొద్దున బండి మంచం మీద, చేటలో, గిన్నెలో పరుచుకొని ఉంది. ఇక బిగించడమే అనుకుంటుండగా మస్తాన్ మామ వచ్చినాడు. కొత్త లుంగీ, చెవిలో అత్తరు దూది.

"పానాలు తే అల్లుడా. ఈదినం ఆయుధపూజ."

నా గుండె గిన్నెలో పడింది. "నువ్వు నమాజు చేసేవాడివి గదా మామా, నీకేం ఆయుధపూజ?"

"నమాజు చేసేది నేనప్పా, పానా కాదు. ఏడాదంతా నాకు కూడు పెట్టేది అది. ఒక్కదినం దాన్ని కూచోబెట్టి పూలు పెట్టకపోతే ఎట్ల? రేపు పొద్దునదాకా ఎవురూ ముట్టేది లేదు."

"మామా, జయమ్మ..."

"జయమ్మకూ పూజ చేసుకోపో, వద్దన్నానా?" అని సంచి భుజాన వేసుకుని పోయినాడు.

ఊరంతా తిరిగినాను. ఆరోజు ప్రొద్దుటూరులో ఇనుమన్నది ఇనుములా లేదు. మంగలి కత్తి పసుపు పూసుకొని కూర్చుంది. దర్జీ కత్తెర మెడలో చామంతి దండ. మగ్గాలు బొట్లు పెట్టుకొని నిద్రపోతున్నాయి. ఇంటికొస్తే, అమ్మ కత్తిపీటనూ అట్లకాడనూ పీట మీద వరసగా పెట్టి అగరొత్తులు వెలిగించింది. "దోసెలెట్లమ్మా?" అంటే, "ఈ పూట చేత్తో తిరగేసుకో" అంది.

అప్పుడొచ్చింది నా బుర్రకు ఆ బుద్ధి. ఇంజను బిగించే పెద్ద పానా ఒక్కటుంటే, తక్కినవి చేత్తోనే బిగించవచ్చు. మామ మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోతాడు. పూజ సామాను ఎవరూ ముట్టరని షెడ్డుకు తాళం కూడా వెయ్యడు. కానీ పానా తీస్తే పూజలో సందు కనపడుతుంది గదా? సందులో ఏదో ఒకటి పెట్టాలి. పొడుగు సరిపోవాలి, పిడి ఉండాలి, ఇనుముదై ఉండాలి.

ఒక పూజలోనుంచి అట్లకాడ దొంగిలించినాను. ఇంకో పూజలోనుంచి పానా దొంగిలించినాను. దాని చోట దీన్ని పడుకోబెట్టి, చామంతులు కప్పి, బొట్టు సరిచేసి, రెండు చేతులా దణ్ణం కూడా పెట్టి వచ్చినాను.

బిగించినాను. పసుపూ నూనే కలిసిన పానా చేతిలో చేపపిల్లలాగా జారుతోంది. అంతా అయినాక మూడు బోల్టులు మిగిలినాయి. తయారుచేసినవాళ్ళు ఉదారంగా ఎక్కువ ఇచ్చినారని సంతోషించి జేబులో వేసుకున్నాను.

ఒక్క తన్ను తన్నినాను. బండి గర్జించింది! కాకులన్నీ వేముల దాకా పోయి వాలినాయంటారు. గాలికి నా తువ్వాలు ఎగిరిపోయింది, నేను జమ్మలమడుగు చేరినాక అది వచ్చి నన్ను కలిసింది. జయమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. "ఎక్కు" అన్నాను. ఎక్కింది. తిరుగుదారిలో కొంగు జెండాలాగా ఎగురుతుంటే, ఎద్దులబండ్లవాళ్ళు దిగి దారిచ్చినారు. తీరా మా బజారుకొచ్చినాక బ్రేకు లేదని తెలిసింది. ఆ మూడు బోల్టులు దేనివో అప్పుడు అర్థమైంది. బండి నేరుగా మామ షెడ్డులోకే దూరింది. మామ బూడిదగుమ్మడికాయ ఎత్తి పట్టుకొని ఉన్నాడు, దాన్ని నా తలే పగలగొట్టింది.

మామ ముఖం మీద గింజలు తుడుచుకుని, పూజలో పూలు జరిపి చూసినాడు.

"ఏంది అల్లుడా ఇది? నా పానా దోసెలు తిరగేసే దానికి బయల్దేరిందా?"

వెనకాలే అమ్మ. "నా అట్లకాడకు ఈడ బొట్టెవురు పెట్టినారు?"

ఆనాడు మామ షెడ్డు ముందు, గుమ్మడి గుజ్జు కారుతున్న తలతో, ప్రతిజ్ఞ చేసినాను. సూర్యచంద్రులున్నంత కాలం పానా ముట్టను. మంచం కోడు వదులైనా సరే, వడ్రంగికి దండం పెడతాను గానీ నేను ముట్టను.

ఈ కథ నేను ఎప్పుడు మొదలుపెట్టినా, తన్నగానే బండి గర్జించిందనే చోటికి వచ్చేసరికి, వంటింట్లోనుంచి, "అబద్ధం! అంతా అబద్ధం!" అని కేక వినపడేది. వినేవాళ్ళకు నా కథ కంటే ఆ కేకే ఇష్టం. జయమ్మ పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు కథ చివరిదాకా ఎవరూ అడ్డుపడరు. అందుకని నేనే ఒప్పుకుంటున్నాను.

పానా నిజం. అట్లకాడ నిజం. మిగిలిన బోల్టులు నిజం. జమ్మలమడుగు పోవడం అబద్ధం. ఒక్క తన్ను తన్నితే తన్నే కడ్డీ ఊడి కాలువలో పడింది. ముందు చక్రం దానంతటదే విడిపోయి పక్కకు పడుకుంది. గుమ్మడికాయ మామ పగలగొట్టుకున్నాడు. నేను పసుపు చేతులతో వాకిట్లో కూర్చున్నాను, మూడు నెలలు వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ.

సాయంత్రం బస్సు దిగి జయమ్మ వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది, చేతిలో ట్రంకుపెట్టె.

"దోవలో రెండుతూర్లు కక్కినా," అంది. "అక్క కాడికి పెద్దమ్మ పోతాదిలే."

"బండి కొంచెం..."

"నడవదని నాకు తెలుసు. పెండ్లప్పుడే చూసినా, సందులో తోసుకుంటా పోతాంటివి."

"మరి దానిమీదే రమ్మంటివే?"

"ఎంత తొందరపడతావో చూద్దామని."

పెట్టె కింద పెట్టింది. చక్రం లేని బండి వెనక సీటు మీద పక్కకు తిరిగి కూర్చుని, నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంగ పోనియ్యి," అంది. నేను నోటితోనే డుర్ర్‌ర్ అన్నాను. వీధి దీపాలు వెలిగేదాకా మేమిద్దరం దిగలేదు.