డిక్కీలో పట్టే ఊఫర్

బోల్టుల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ గేజక్క అంటారు. పదిహేడేళ్లుగా ఆమె పని ఒక్కటే. ప్రెస్సు మిషన్ల పక్కనున్న చిన్న బల్ల దగ్గర నిలబడి, గంటకోసారి ట్రేలోంచి పది బోల్టులు తీసి, కొలత చూసే గేజిలో పెట్టి చూడాలి. సరిపోతే పచ్చ చీటీ, లేకపోతే ఎర్ర చీటీ. ఎర్ర చీటీ పడిందంటే మిషను ఆగాల్సిందే. సూపర్‌వైజరు వచ్చి బతిమాలినా ఆమె చీటీ మార్చదు. గేజక్క చూస్తే వెంట్రుక కూడా లావుగానే ఉంటుందని మిషన్ల దగ్గరివాళ్లు నవ్వుకునేవారు. వాళ్లు నవ్వడం ఆమెకు కనపడేది. ఏమని నవ్వుతున్నారో మాత్రం ఈ మధ్య వినపడటం లేదు.

ఫ్యాక్టరీవాళ్లు చెవులకు బిరడాలు ఇవ్వడం మొదలుపెట్టి ఆరేళ్లే అయింది. అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. చెవి డాక్టరు ఆమెను తలుపులు బిగించిన గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి, కాగితం మీద ఒక గీత చూపించాడు. గీత సగం దూరం తిన్నగా వెళ్లి, అక్కణ్నుంచి బావిలో పడ్డట్టు కిందికి దిగిపోయింది. బొంగురు శబ్దాలు బాగానే అందుతున్నాయనీ, సన్నవే పోయాయనీ, పోయినవి ఇక రావనీ చెప్పాడు. చెవులకు పెట్టుకునే మిషన్లు రాసిచ్చాడు. అవి ఇంట్లో పనికొచ్చాయి గానీ, కారెక్కితే టైర్ల హోరునంతా పోగుచేసి చెవిలో పోసేవి. అందుకని కారులో కూర్చోగానే వాటిని తీసి సంచిలో వేసుకునేది.

ఆమెకు పాటలంటే ప్రాణం. ఇంటినుంచి ఫ్యాక్టరీకి నలభై నిమిషాల దారి. పొద్దున ఆ నలభై, సాయంత్రం ఆ నలభై తప్ప రోజు మొత్తంలో ఆమెకంటూ మిగిలే సమయం లేదు. తన పాత చిన్న కారులో ఒక్కతే పాటలు పెట్టుకుని వెళ్లేది. అలాంటిది, ఆ పాటలు ఒక్కొక్కటే పాడైపోతూ వచ్చాయి. పాడేవాళ్లు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని పాడుతున్నట్టుండేది. సౌండు పెంచితే చెవి నొప్పెట్టేదే తప్ప పాట దగ్గరికి వచ్చేది కాదు.

ఒకరోజు కారు సర్వీసుకిచ్చి, ఫ్యాక్టరీ సరుకు తోలే వ్యాను డ్రైవరు బండిలో ఇంటికి బయల్దేరింది. అతను సీటు వెనక, బొంగురు శబ్దాల్ని మోగించే పెద్ద ఊఫరు పెట్టించుకున్నాడు. పాట మొదలవగానే సీటులోంచి నడుములోకి, నడుములోంచి పక్కటెముకల్లోకి దెబ్బ మీద దెబ్బ ఎక్కింది. చరణం అయిపోయి పల్లవి అందుకునే చోటు ఆమెకు ముందే తెలిసిపోయింది. అది ఏ పాటో గుర్తుపట్టింది. ఏడాదిన్నరలో ఎవరినీ అడక్కుండా ఆమె గుర్తుపట్టిన పాట అదొక్కటే. డ్రైవరుకు ఆ సంగతేమీ చెప్పలేదు. దిగేటప్పుడు మాత్రం, "ఇది ఎన్నంగుళాలది?" అని అడిగింది.

ఇంట్లో చెబితే భర్తకు నచ్చలేదు. ఆయన గ్రంథాలయంలో గుమాస్తా, చప్పుడంటే గిట్టని మనిషి. ఆ దడదడలు కుర్రాళ్లకు గానీ మనకెందుకన్నాడు, వీధిలో అందరూ తిరిగి చూస్తారన్నాడు. అత్తగారి బెంగ వేరు. మోకాళ్లు పనిచేయక మూడేళ్లుగా ఆవిడ చక్రాల కుర్చీలోనే ఉంటోంది. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి. ఆవిడ వెనక సీట్లో, కుర్చీ డిక్కీలో.

"నీ పాటల పెట్టె పెట్టుకో అమ్మాయ్, నేను వద్దనను" అందావిడ. "నా కుర్చీని మాత్రం నా ఒళ్లో పెట్టకు."

న్యాయమైన మాటే. గేజక్క టేపూ నోటుపుస్తకమూ పట్టుకుని కారు దగ్గరికి వెళ్లింది. డిక్కీ లోతు అరవై సెంటీమీటర్లు. కుర్చీకి పాదాలు పెట్టుకునే రేకులు తీసేసి, మడిచి నిలబెడితే మందం ముప్పై రెండు. మిగిలేది ఇరవై ఎనిమిది. ఆ అంకె చుట్టూ రెండు గీతలు గీసింది.

శనివారం భర్తను వెంటబెట్టుకుని కారు సామాన్ల వీధికి వెళ్లింది. మొదటి రెండు కొట్లలో చెప్పిన ధరలు వినగానే గుమ్మం దిగి వచ్చేశారు. మూడో కొట్టు యజమాని మర్యాదగానే కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టి, ఆమెను దాటి ఆమె భర్త వంక చూస్తూ, "మీ అబ్బాయికాండీ?" అన్నాడు.

"నాకే" అంది గేజక్క.

ఆయన నవ్వి, అటు తిరిగి అలమారలోంచి పెట్టెలు తీస్తూ చెప్పుకుపోయాడు. సగం మాటలు అలమారకే చెప్పాడు. పెదవులు కనపడకపోతే ఆమెకు మాట అందదు. రెండుసార్లు ఓర్చుకుని, మూడోసారి, "కాస్త ఇటు తిరిగి చెప్పండి, నాకు సరిగా వినపడదు" అంది. అలా చెప్పడమే తప్పయిపోయింది. ఆ తర్వాత ఆయన ఆమెతో మాట్లాడటమే మానేశాడు. భర్త వైపు వంగి, "మేడమ్‌కి వినపడనప్పుడు ఊఫరెందుకు సార్?" అన్నాడు. ఆయనది బొంగురు గొంతు కావడంతో, ఆ ముక్క మాత్రం ఆమెకు గంట కొట్టినట్టు వినపడింది.

లేచి వచ్చేయాలనిపించింది. కానీ మళ్లీ ఇంకో కొట్టు, మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే నవ్వు. ఇంతలో యజమాని సీటు కింద పట్టే పల్చటి ఊఫరొకటి చూపించాడు. అట్టపెట్టె మీద ఆరువందల వాట్లని అరచేతంత అక్షరాలున్నాయి. అనుకున్న ధరలోనే వస్తుంది, డిక్కీ జోలికే పోదు. అంత చిన్నది కాబట్టి భర్తకూ నచ్చింది. అసలు సరుకు తీసి తిరగేసి చూడకుండానే ఆమె సరేనంది.

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. పాట పెడితే సీటు కింద ఎవరో గోడ అవతల నడుస్తున్నట్టు చిన్న కదలిక. సౌండు పెంచితే సీటు జరిపే పట్టాలు వణికాయి తప్ప నడుముకు ఏమీ తెలియలేదు. ఆదివారం దాన్ని విప్పి వెనక్కి తిప్పి చూస్తే, సన్నటి అక్షరాల్లో అసలు సంగతి ఉంది. ఆరువందలు ఏదో ఒక్క క్షణానికట, నిలకడగా ఇచ్చేది డెబ్బై అయిదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. కొట్టుకు పట్టుకెళితే, సీలు విప్పాక వాపసు లేదన్నాడు యజమాని. పెద్దది కొంటే దీని ధరలో సగం తగ్గిస్తానన్నాడు. బోల్టుల పెట్టె మీద ఒక కొలత రాసి లోపల వేరే కొలత పెడితే తమ ఫ్యాక్టరీకి తాళం పడుతుందని ఆమె చెప్పింది. ఆయన తల ఊపాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని జనం ఊరికే అంటుంటారు గానీ, ఆ రోజు అక్కడ చెవిటివాళ్లెవరో ఆమెకు అర్థం కాలేదు.

మర్నాడు భోజనాల వేళ వ్యాను డ్రైవరు ఆమె ఎదురుగా కూర్చుని, ముఖం చూపిస్తూ, నెమ్మదిగా అంతా చెప్పాడు. అట్టపెట్టె మీది అంకెను నమ్మొద్దన్నాడు. నిలకడగా ఇచ్చే వాట్లే చూడమన్నాడు. పన్నెండంగుళాలది ఆశపడొద్దు, పల్చటి పదంగుళాలది తీసుకుని, రంధ్రం లేని పెట్టెలో బిగిస్తే తక్కువ చోటులో సరిపోతుందన్నాడు. ఊఫరుకు కరెంటు అందించే తీగ దగ్గర ఎప్పుడూ మోసం జరుగుతుందని కూడా చెప్పాడు. ఆమె అన్నీ రాసుకుంది.

ఈసారి ఒక్కతే వెళ్లింది. యజమాని గొట్టంలాంటి ఊఫరు చూపించాడు. టేపు పెడితే ముప్పై నాలుగు. వద్దంది. స్టెప్నీ తీసేసి ఆ గుంటలో పెట్టించుకోమన్నాడు. "దారిలో పంక్చరైతే ఊఫరు బిగించుకుని వెళ్లనా?" అని ఆమె అడిగేసరికి, పక్కనున్న ఫిట్టరు తల దించుకుని నవ్వాడు. ఆమె సంచిలోంచి తాను గీసిన బొమ్మ తీసి బల్ల మీద పరిచింది. వెనక సీటు వాలుకు ఆనుకునే పెట్టె, కింద ఇరవై నాలుగు, పైన పదహారు, పల్చటి పదంగుళాల ఊఫరు. ఆర్డరు కాగితం మీద ప్రతి అంకె ఆయన చేతే రాయించింది.

వారమన్నది పన్నెండు రోజులైంది. ఆమె ఫోన్ చేస్తే అవతలి మాట అందదు, భర్త చేత చేయిస్తే ఆయన, "పర్లేదండీ, వీలు చూసుకునే ఇవ్వండి" అని పెట్టేస్తాడు. చివరికి పెట్టె వచ్చింది. కొట్టు ముందే డిక్కీలో పెట్టి, వెంట తెచ్చిన కుర్చీ నిలబెట్టి, తలుపు దించితే పడలేదు. కొలిచి చూసింది. పెట్టె చేసినవాడు ఇరవై నాలుగు లోపలి కొలతగా తీసుకున్నాడు. రెండు వైపుల చెక్క మందమూ, ఊఫరు మీది జాలీ కలిసి ముప్పై దాటింది.

"రెండు వేళ్ల తేడా మేడమ్, గట్టిగా వేస్తే పడుతుంది" అన్నాడు యజమాని, ఈసారి ఆమె వైపు తిరిగే.

గేజక్క ఆయన చేతిలోని కాగితం మీద 'బయటి కొలత' అన్న మాట చూపించింది. తర్వాత సంచిలోంచి ఫ్యాక్టరీ ఎర్ర చీటీ ఒకటి తీసి పెట్టెకు అంటించి, కొట్టు మధ్యలో దింపించి వెళ్లిపోయింది. కొత్త పెట్టెకు ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. అది సరిగ్గా వచ్చింది. తీగ మాత్రం వ్యాను డ్రైవరు చెప్పినట్టే పైకి లావు, లోపల సన్నం. చివర గీకితే ఎర్రటి పూత కింద తెల్లటి అల్యూమినియం బయటపడింది. రాగి తీగ తెచ్చేదాకా ఆమె కారు తాళం ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ దారిలో మొదటిసారి గట్టిగా పెట్టింది. వ్యానులో తగిలినంత బలంగా కాకపోయినా, దెబ్బ వీపుకు తగిలింది. పాట కదిలే పద్ధతి తెలిసింది. మాటలు రాలేదు, ఇక రావు కూడా. తనకు తెలిసిన మాటల్ని ఆ దరువు మీద తనే పేర్చుకుంటూ నాలుగు పాటలు పాడుకుంది. ఆ వారమంతా అలాగే వెళ్లొచ్చింది. సాయంత్రాలు భర్తను పక్కన కూర్చోబెట్టుకుని బజారుకూ తీసుకెళ్లింది.

ఫిజియోథెరపీ రోజు వచ్చింది. అత్తగారు వెనక సీట్లో, భర్త ముందు సీట్లో కూర్చున్నారు. కారు మలుపు తిరగకముందే భుజం మీద తట్టింది. గేజక్క బండి పక్కకు ఆపి వెనక్కి తిరిగింది.

"పాట సంగతి కాదమ్మాయ్, ఆ వెనక తలుపులో డబ్బాలో రాళ్లేసి ఆడించినట్టు ఒకటే మోత. తల పగిలిపోతోంది."

గేజక్కకు ఏ మోతా తెలియలేదు. భర్త వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు.

"వస్తోందా?"

"వారం నుంచీ వస్తోంది" అన్నాడాయన ఇటు తిరిగి. "సంతోషంగా ఉన్నావని చెప్పలేదు."

ఊఫరు కదిలించే తలుపు రేకు ఎక్కడో సన్నగా కొట్టుకుంటోంది. ఆ సన్నదనం ఆమె చెవికి అందదు. వారం రోజులుగా బజారులో, సిగ్నళ్ల దగ్గర, ఫ్యాక్టరీ గేటు దగ్గర అందరికీ వినపడుతున్న చప్పుడు మధ్యలో కూర్చుని తను పాడుకుంది. కొట్టు యజమాని ఎన్ని అన్నా రాని కోపం ఆమెకు అప్పుడొచ్చింది.

"నాకు తెలియనిది నువ్వు కూడా దాస్తే నేనెవరిని అడగాలి?" అంది. ఊఫరు కట్టేసి మిగతా దారంతా నడిపింది.

ఆదివారం పొద్దున భర్త తనంతట తనే డిక్కీలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమె పాట పెట్టి, తలుపు రేకు మీద అరచెయ్యి జరుపుకుంటూ పోయింది. మోత వినపడగానే ఆయన చెయ్యెత్తాలి. నంబరు ప్లేటు దగ్గర వణుకు ఆమె వేళ్లకు చిక్కింది. వెనక స్పాంజి అంటించింది. బ్రేకు లైటు మూత దగ్గర రెండోది దొరికింది. మూడోది రెండు గంటలు వెతికినా దొరకలేదు. ఆయన మోకాళ్లు రుద్దుకుంటూ కిందికి దిగాడు.

"ఇంకా ఉందా?"

"కొంచెం."

"కొంచెమంటే ఎంత?"

ఆయన ఆలోచించాడు. అబద్ధమాడబోయి మానుకున్నట్టు ఆమెకు కనపడింది. "ఉంది" అన్నాడు.

ఆ మూడో మోత ఈనాటికీ దొరకలేదు. లోపలి అట్ట మొత్తం విప్పించింది, ఇంకో మెకానిక్కుకు చూపించింది, అతను ఏ మోతా లేదని చెప్పి పంపేశాడు. ఫిజియోథెరపీ రోజుల్లో ఆమె ఊఫరు కట్టేస్తుంది. ఫ్యాక్టరీ గేటు కనపడగానే కూడా కట్టేస్తుంది, ఇష్టం లేకపోయినా. మధ్యలో ముప్పై అయిదు నిమిషాలు మాత్రం గట్టిగానే పెట్టుకుంటుంది. పక్క కార్లవాళ్లు తిరిగి చూసినప్పుడు, పాటకు చూస్తున్నారా, మోతకు చూస్తున్నారా అన్నది ఆమెకు తెలియదు. అది తలుచుకుని ఒక్కోరోజు ఒళ్లు మండిపోతుంది. కిటికీ అద్దం పైకెత్తి, సిగ్నలు పడగానే ముందుకు వెళ్లిపోతుంది.