చదివింపుల అప్పు

హనుమయ్యకు దేవుడు ఆస్తిపాస్తులు ఇవ్వలేదు గానీ గొంతు ఇచ్చాడు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాల కొట్లో కౌంటరు దగ్గర నిలబడి, వెనక గోడౌనులో ఉన్నవాళ్ళకు వినపడేలా ఇరవై ఏళ్ళుగా కేకలేసి ఆ గొంతును ఇంకా గట్టి చేసుకున్నాడు. బంధువుల్లో పెళ్ళయినా, గృహప్రవేశమయినా, ఆడపిల్లకు ఓణీలిచ్చినా చదివింపుల దగ్గర మైకు పట్టుకోవాల్సింది హనుమయ్యే. కవరు విప్పి, పేరూ అంకే చూసి, "పెళ్ళికూతురి మేనమామ గారు, ఐదువేల నూటపదహార్లు చదివించారహో!" అని లాగితే భోజనాల బంతిలో ముద్ద నోట పెట్టుకోబోతున్నవాడు కూడా ఆగి తలెత్తేవాడు.

మన వైపు చదివింపులంటే కానుక ఒక్కటే కాదు. ఇవాళ నేను నీ ఇంట పెడతాను. రేపు నా ఇంట శుభకార్యమైతే దానికి నాలుగు రాళ్ళు కలిపి నువ్వు పెడతావు. నోటు రాసుకోం, సాక్షి సంతకాలుండవు. కానీ ఎవరు ఎంత పెట్టారో ముప్ఫై ఏళ్ళయినా ఎవరూ మరిచిపోరు. మామూలు మనిషి తన తాహతుకు తగ్గది కవర్లో పెట్టి, మైకు వైపు చూడకుండా అన్నానికి వెళ్ళిపోవచ్చు. హనుమయ్యకు ఆ వెసులుబాటు లేదు. అందరి పేర్లూ అంత ఠీవిగా చదివినవాడు, తన పేరు వచ్చేసరికి గొంతు తగ్గించి "ఐదువందలు" అని ఎలా అంటాడు?

బ్యాంకు తరఫున ఒక అమ్మాయి కొట్టు కొట్టూ తిరుగుతూ వచ్చి, సంతకాలు పెట్టించుకుని క్రెడిట్ కార్డు ఇప్పించింది ఆ రోజుల్లోనే. మొదట్లో పర్సులో దేవుడి పటం పక్కన ఊరికే ఉండేది. దాన్ని బయటికి తీసింది సంపూర్ణమ్మ కూతురి పెళ్ళిలో.

సంపూర్ణమ్మ అతని తల్లికి చెల్లెలు. కూచిపూడి పక్క పల్లెలో ఒక గేదె, కూలి పని, భర్త పోయిన ఇల్లు. హనుమయ్య జేబులో రెండు వేలుంటే, వెయ్యినూటపదహార్లు చదివిద్దామని బయల్దేరాడు. తీరా మైకు పట్టుకున్నాక మొదటి కవరే ఐదువేలు వచ్చింది. పెద్దనాన్న కొడుకుది. చదువుతూ చదువుతూ హనుమయ్య మైకు పక్కవాడి చేతిలో పెట్టి, "ఇప్పుడే వస్తా" అని కూచిపూడి సెంటరుకు బండి మీద వెళ్ళి, ఏటీఎంలో ఆ కార్డు పెట్టి డబ్బు తీశాడు. తిరిగొచ్చి చదివాడు: "వధువు అన్నగారు, విజయవాడ వాస్తవ్యులు హనుమయ్య దంపతులు, పదివేల నూటపదహార్లు!"

పందిట్లో తలలన్నీ అతని వైపు తిరిగాయి. సంపూర్ణమ్మ వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. ఆ క్షణం రుచి మరిగాడు హనుమయ్య. తర్వాత ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని ఏటీఎంలు!

పోనీ ఎగ్గొట్టే మనిషా అంటే కాదు. నెల నెలా కార్డువాళ్ళు అడిగే మినిమం డ్యూ ఒక్క రోజు ఆలస్యం కాకుండా కట్టేవాడు. అక్కడే దెబ్బతిన్నాడు. వాళ్ళ నాన్న కౌలు రైతు. మిల్లు యజమాని దగ్గర అప్పు తెచ్చి, వాయిదాకు వడ్డీ చేతిలో పెట్టేవాడు. "వడ్డీ తప్పనోడు దొరరా. అసలుదేముంది, కుప్ప నూర్చాక చూసుకోవచ్చు" అనేవాడు. హనుమయ్య ఆ మాట నమ్మి మినిమం డ్యూ అంటే వడ్డీయే అనుకున్నాడు, అది కడుతున్నంతకాలం పరువు నిలబడ్డట్టే అనుకున్నాడు. నూటికి నెలకు మూడున్నర రూపాయల వడ్డీ ఊళ్ళో ఎవరైనా అడిగితే కొట్టడానికి వచ్చేవాళ్ళు. ఇక్కడ ఆ సంగతి అడగనే లేదు. బ్యాంకువాడికి కుప్పలూ లేవు, నూర్పిళ్ళూ లేవు. తొమ్మిదేళ్ళలో అప్పు రెండు లక్షల ఎనభై వేలకు చేరింది.

ఒక ఆదివారం అతను స్నానానికి వెళ్ళినప్పుడు ఫోను మోగితే భార్య సుబ్బరత్నం ఎత్తింది. కార్డు బాకీని వాయిదాల్లోకి మార్చుకుంటారా అని బ్యాంకువాళ్ళు. అతను తల తుడుచుకుంటూ వచ్చేసరికి మంచం మీద కూర్చుని ఉంది.

"ఎంతండీ?" అంది. చెప్పాడు.

"మైకులో మీరు చదివింది ఊరందరికీ వినపడింది. అది ఎవరి డబ్బో నా ఒక్కదానికే వినపడలేదు."

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండునని అతనికి అనిపించింది. వారం తర్వాత దారి చూపించింది కూడా ఆమే. "ఉషకు పదమూడు నిండినయ్యి. ఓణీల ఫంక్షన్ చేద్దాం. ఇన్నేళ్ళూ మనం పెట్టినయ్యి తిరిగి రావాలిగా. వచ్చినయ్యి తీసుకెళ్ళి ఆ కార్డు మొహాన కొట్టండి."

కూతురు ఉషశ్రీ పుస్తకంలోంచి తలెత్తింది. "అంటే నన్ను పూల కుర్చీలో కూర్చోబెట్టి అప్పు తీరుస్తావా నాన్నా?"

"అదేం మాటే!" అంది తల్లి.

"మరేంటి? సరేలే, కూర్చుంటా. ఫ్లెక్సీ మాత్రం మా స్కూలు రోడ్లో కట్టొద్దు. కడితే కుర్చీలోంచి లేచి నిజం చెప్పేస్తా, మైకులోనే."

నవ్వుతూనే అంది. హనుమయ్యకు నవ్వు రాలేదు.

పిలుపులకు వెళ్ళినప్పుడు సుబ్బరత్నం ప్రతి గడపలోనూ ఆడవాళ్ళకు బొట్టు పెట్టేది. అతను వెనక నిలబడేవాడు. "తప్పకుండా వస్తాం బావగారూ" అంటున్న మొహాల్లో, హనుమయ్య మనకెంత పెట్టాడన్న లెక్క తిరగడం స్పష్టంగా కనపడేది. ఎందుకంటే అతని మనసులోనూ అదే లెక్క తిరుగుతోంది. రాత్రి పడుకుని వేళ్ళు మడిచేవాడు: పెద్దనాన్న కొడుకు ఇరవై, గన్నవరం తోడల్లుడు పదిహేను... ఆ లెక్కలో సంపూర్ణమ్మ పదివేలు కూడా ఉంది. ఆవిడ దగ్గర ఉందా లేదా అన్న ఆలోచన అతనికి రాలేదు. అబద్ధం. వచ్చింది. వేలు మాత్రం మడిచాడు.

మాఘమాసంలో భవానీపురం కమ్యూనిటీ హాల్లో ఫంక్షన్ జరిగింది. ఇంటి పెద్ద కాబట్టి ఆ రోజు అతను మైకు పట్టుకోకూడదు. బావమరిది సురేష్ పట్టుకున్నాడు.

"మా బావంత గొంతు నాకు లేదండీ, సర్దుకోండి" అంటూ మొదలుపెట్టి, ఒక్కో కవరూ విప్పుతున్నాడు. ఇరవై వేలు. పదిహేను వేల నూటపదహార్లు. వేదిక పక్కన నిలబడ్డ హనుమయ్యకు ఒక్కో అంకె పడినప్పుడల్లా గుండె మీంచి ఒక్కో ఇటుక తీసినట్టు ఉంది. అంతలో సురేష్, "చెయ్యెత్తి దణ్ణం పెట్టాలండీ ఈ చదివింపుకి. అమ్మాయి నాయనమ్మ వరస, సంపూర్ణమ్మ గారు, పన్నెండు వేల నూటపదహార్లు!" అన్నాడు.

జనం మెచ్చుకోలుగా గొణిగారు. సంపూర్ణమ్మ ఉషశ్రీ తల మీద అక్షింతలు వేస్తోంది. నేత చీర, నూనె రాసి దువ్విన తల. ఆవిడ ఇటు తిరిగినప్పుడు చూశాడు. చెవులకు ఎప్పుడూ ఉండే ఎర్రరాళ్ళ కమ్మలు లేవు. రంధ్రాలు పూడిపోకుండా చీపురుపుల్ల ముక్కలు పెట్టుకుంది.

ఇన్నేళ్ళూ చదివినవాడు ఆ రోజు వినాల్సి వచ్చింది. విన్నాక తెలిసింది, ఆ అంకెలు మైకు పట్టుకున్నవాడికి ఒకలాగా, కవరు తెచ్చినవాడికి ఇంకొకలాగా వినపడతాయని.

ఆవిడ భోజనం చేసి, "బస్సుందిరా" అని వెళ్ళిపోయింది. అతను బస్టాపు దాకా వెళ్ళలేదు. వెళ్తే అడగాలి. అడిగితే తిరిగివ్వాలి. తిరిగిస్తే కార్డుకు తక్కువ పడుతుంది.

హాలుకూ వంటవాళ్ళకూ ఇవ్వాల్సింది ఇచ్చాక, చేతిలో ఉన్నది అప్పుకు సరిపోయి కాస్త మిగిలింది. సోమవారం మొత్తం కట్టేశాడు. మర్నాడు కార్డువాళ్ళ దగ్గరనుంచి ఫోను.

"కంగ్రాచ్యులేషన్స్ సార్! మీ పేమెంట్ రికార్డు చాలా బావుంది. మీకు లిమిట్ ఐదు లక్షలకు పెంచుతున్నాం."

"నాకొద్దమ్మా. మూసెయ్యండి."

"ఏమైనా ప్రాబ్లమా సార్, మా సర్వీసులో?"

"మీ సర్వీసులో ఏం లేదమ్మా," అన్నాడు హనుమయ్య, అంత పెద్ద గొంతునూ తగ్గించి, వినపడీ వినపడనట్టు. "నాలోనే."

సుబ్బరత్నం ఆ సాయంత్రం పరమాన్నం వండింది. అతను రెండు చెంచాలు తిని గిన్నె పక్కన పెట్టాడు. "ఇంకా ఏంటండీ?" అంది. కమ్మల సంగతి చెప్పాడు.  ఆమె లోపలికి వెళ్ళి, నెల ఖర్చుకని దాచిన డబ్బూ మిగిలిన చదివింపులూ కలిపి పన్నెండు వేలు తెచ్చి అతని ముందు పెట్టింది. "వెళ్ళి ఇచ్చిరండి. ఈ నెల ఎలాగో ఈదుదాం."

పామర్రు మీదుగా బస్సులో వెళ్తుంటే రెండు వైపులా కోసిన వరి మళ్ళలో మినుము పండి ఉంది. సంపూర్ణమ్మ అప్పుడే చేను నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది.

"ఏంట్రా హనుమా, చెప్పాపెట్టకుండా! రా, కూర్చో. పిల్ల బాగుందా? దిష్టి తీశారా?"

అతను కవరు తీసి మంచం మీద పెట్టాడు. "పిన్నీ, ఇది ఉంచు."

"ఏంటది?"

"నీ పన్నెండు వేలు."

సంపూర్ణమ్మ చెంబు కింద పెట్టింది. "పెళ్ళాం వెనక్కి పంపిందా? నా డబ్బుకేమైనా కంపు కొట్టిందా?"

"అది కాదు పిన్నీ. కమ్మలు తాకట్టు పెట్టావుగా."

"పెట్టా. సొసైటీలో పెట్టా. నా కమ్మలు, నా చెవులు. నీకేంటి నొప్పి? చదివింపు తిరిగి తెచ్చినోణ్ణి నిన్నే చూశా. పగోళ్ళ ఇంటికి కూడా ఎవరూ అట్టా చెయ్యరు." మంచం అంచున కూర్చుంది. గొంతు తగ్గింది. "ఒరేయ్, నువ్వు ఆ పదివేలు చదివించిన కాడ్నించి నేను మీ ఇంటి గుమ్మం ఎక్కానా? ఎక్కలా. ఎట్టా ఎక్కనురా? ఏదన్నా శుభకార్యం అంటే భయమే, ఎక్కడ నీకు తిరిగి పెట్టాల్సొస్తదో అని. మా అక్క పోయినప్పుడు కూడా శవాన్ని చూసి, వెనక దారిన వచ్చేశా. పెద్ద కర్మకు రాలా. నువ్వు మనసులో తిట్టుకునే ఉంటావు."

తిట్టుకున్నాడు. ఆ రోజు నలుగురిలోనూ అన్నాడు కూడా: ఇంత చేస్తే కనీసం అమ్మ కర్మకు రాలేదు చూడండి, అని.

"ఆ పదివేలు నావి కాదు పిన్నీ," అన్నాడు. "కార్డు మీద అప్పు తెచ్చా. బ్యాంకుది. జేబులో రెండు వేలే ఉన్నయ్యి. గొప్పకు పోయి చదివించా."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. కోపమొస్తుందనుకున్నాడు. పొట్ట పట్టుకుని నవ్వింది, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా.

"ఓరి నీ తస్సాదియ్యా! నీది కాదు, నాది కాదు. అయితే ఇన్నేళ్ళు మనిద్దరం ఎవరి డబ్బుకురా మొహాలు దాచుకుంది?"

అతనూ నవ్వబోయాడు. రాలేదు.

"తీసి జేబులో పెట్టుకో. నేను ఇప్పుడే తేలిగ్గా ఊపిరి తీసుకుంటన్నా. మళ్ళీ నా నెత్తిన పెట్టమాక. అన్నం వండుతా, తినిపో."

"ఒక్క పది నిమిషాల్లో వస్తా పిన్నీ," అని బయటికొచ్చాడు.

సొసైటీ ఆఫీసు వీధి చివరే. ఆవిడ తీసుకోకపోతే ఏం, తనే కట్టేస్తే సరి. కబురందాక ఆవిడే వెళ్ళి కమ్మలు తెచ్చుకుంటుంది. కౌంటరు దగ్గర ముసలి గుమస్తా కళ్ళజోడు పైకి నెట్టి, "ఎవరి పేరున కట్టాలండీ?" అన్నాడు.

హనుమయ్య నోరు తెరిచాడు. కమ్మలు పెట్టుకుని సంపూర్ణమ్మ ఊరంతా చెప్పుకోవడం కళ్ళ ముందు మెదిలింది, మా హనుమ విడిపించాడని. ఆ మాట తనకు ఎంత తియ్యగా వినపడుతుందో కూడా అప్పుడే తెలిసిపోయింది. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ వెనక దారులు వెతుక్కుంటుంది.

"ఏం లేదండీ," అన్నాడు. "ఊరికే వచ్చా."

గుమస్తా అదోలా చూసి మళ్ళీ కాగితాల్లో పడ్డాడు. జేబులోని కవరు అక్కడికి వచ్చినప్పటికంటే బరువుగా తోచింది. 

తిరిగి వెళ్ళేసరికి సంపూర్ణమ్మ పీట వేసి, కంచం పెట్టి ఉంచింది. మినప్పప్పు పచ్చడి, మజ్జిగ పులుసు, మీగడ పెరుగు. ఆవిడ వంగి వడ్డిస్తుంటే చెవి దగ్గరగా వచ్చింది. పుల్ల ముక్క కొన పదునుగా ఉంది. చుట్టూ చర్మం కాస్త ఎర్రబడింది. హనుమయ్య తల తిప్పుకోలేదు.

"మొహమాటపడతన్నావేంట్రా? ఇంకొంచెం వెయ్యనా?"

కడుపు నిండిపోయింది. అయినా కంచం ముందుకు జరిపాడు.

"వెయ్యి పిన్నీ."