మంచునది అంచున మా బావ

మూడేళ్ల కిందట కోరుట్ల నుంచి నేను, సిరిసిల్లలో మరమగ్గాలున్న మా అక్క భర్త ఒక టూర్ బృందంతో స్విట్జర్లాండ్ వెళ్లాం. బృందంలో జగిత్యాల టైలర్ యూసుఫ్ భాయ్ కూడా ఉన్నాడు. "బట్టలు కుట్టేటోనికి గీ టూర్లెందుకు?" అని బావ దారంతా ఆయన్ని వినపడేలా వెక్కిరించాడు.

కొండ మీది వ్యూ పాయింట్ నుంచి చూస్తే, కింద మైళ్ల పొడవున మంచునది పరుచుకుని ఉంది. నేను కంచె పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. బావ పెదవి విరిచాడు.

"గింతేనా? దీనికోసమా గింత దూరం తెచ్చిండ్రు?"

ఫోటో కోసం కంచె దాటబోయాడు.

"అటు పోకు బావా."

"భయమైతే నువ్వు ఆడనే ఉండు."

దాటిన రెండో అడుగుకే మంచు మీద బోర్లాపడి లోయవైపు జారసాగాడు. నా కాళ్లు కదల్లేదు. యూసుఫ్ భాయ్ కంచె కిందుగా దూరి బావ కోటు కాలర్ దొరకబుచ్చుకున్నాడు.

"కదలకు సేఠ్, నేను పట్టుకున్న."

మెల్లగా ఇవతలికి లాగాడు. బావ ఆయన ముఖమైనా చూడలేదు.

ఇంటికొచ్చాక చుట్టాలందరి ముందు బావ చెప్పాడు: "గా టైలర్ జారిపోతుంటే నేనే గుంజిన."

అందరూ నా వైపు తిరిగారు. నేను తలూపాను.

బావని చూస్తే ఇప్పటికీ చీదరే. ఆ రోజు తలూపిన నన్ను తలచుకుంటే ఇంకా చీదర.